బోర్డు ముందు "బాగుండాను సార్" అనొద్దు!

ఓర్వకల్లు మండలంలో దీర్ఘరోగాలతో బతుకుతున్నవాళ్ళకూ, వాళ్ళను సాకుతున్న ఇంటివాళ్ళకూ



పొద్దున కర్నూలు పోయే తొలి బస్సు చూడండి. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు పోయేవాళ్ళు అందులో కనిపిస్తారు. బస్సెక్కలేక ఇంట్లోనే ఉండిపోయినవాళ్ళు మాత్రం ఎవరి కంటా పడరు. పక్షవాతం వచ్చి ఒక పక్క చచ్చుబడినవాళ్ళు, కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయినవాళ్ళు, షుగరు ముదిరి కాలు తీయించుకున్నవాళ్ళు, పార్కిన్సన్ వణుకుతో ముద్ద నోటిదాకా పోనివాళ్ళు. కాల్వ, హుసేనాపురం, లొద్దిపల్లె, పూడిచెర్ల, నన్నూరు, ఏ ఊరికి పోయినా ఇట్లాంటి ఇల్లు తగులుతుంది.

వీళ్ళలో శానామంది పింఛనుకు అర్జీయే పెట్టలేదు. "మాకు కాళ్ళూ చేతులూ ఉండాయి గదా, వికలాంగుల పింఛను మాకెందుకిస్తారు?" అనుకున్నారు. పెట్టినవాళ్ళలో కొందరికి, వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం బోర్డు 40 శాతానికి లోపల వేసి పంపింది. ఇంకొందరు తమకు వర్తించని పింఛను కోసం తిరిగి తిరిగి అలిసిపోయారు, వర్తించేది వేరే ఉందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఈ కరపత్రం వాళ్ళందరి కోసం వేశాం. కొంచెం పెద్దదే. చదవలేని పెద్దలకు ఇంట్లో బడికి పోయే పిల్లలు చదివి వినిపించండి.

ముందు మీది ఏ పింఛనో తేల్చుకోండి

జబ్బుతో ఉన్నవాళ్ళకు రాష్ట్రం ఇచ్చే ఎన్టీఆర్ భరోసా పథకం కింద రెండు వేర్వేరు పింఛన్లు ఉన్నాయి. రెండింటినీ కలగాపులగం చేసుకోవడంతోనే సగం కాలం గడిచిపోతోంది.

మొదటిది వికలాంగుల పింఛను, నెలకు 6,000 రూపాయలు. 2024 జూన్‌లో దీన్ని 3,000 నుంచి పెంచారు. సదరం సర్టిఫికెట్‌లో కనీసం 40 శాతం ఉండాలి. వయసుతో పనిలేదు. పక్షవాతంతోనో, తీవ్రమైన కండరాల క్షీణతతోనో, ప్రమాదంలో దెబ్బ తగిలో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైపోతే 15,000.

రెండోది దీర్ఘరోగాల పింఛను, నెలకు 10,000. డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్ళు దీని కిందికి వస్తారు. డయాలసిస్‌దాకా పోకపోయినా కిడ్నీ జబ్బులో సీరం క్రియాటినిన్ 5 దాటినవాళ్ళు, జీఎఫ్ఆర్ 15 కంటే దిగిపోయినవాళ్ళు, కిడ్నీలు కుంచించుకుపోయాయని స్కానింగులో తేలినవాళ్ళు కూడా వస్తారు. కిడ్నీ, కాలేయం, గుండె మార్పిడి చేయించుకున్నవాళ్ళు, రెండు కాళ్ళకూ బోదకాలు నాలుగో దశకు చేరినవాళ్ళు, తలసీమియా, సికిల్ సెల్, తీవ్రమైన హీమోఫీలియా ఉన్నవాళ్ళు కూడా.

కిడ్నీ జబ్బు మనిషి సదరం స్లాటు బుక్ చేసుకుని, ఇంటివాళ్ళు కూలి మానుకుని తోడుపోయి, దినమంతా వరుసలో నిలబడితే, చివరికి "కిడ్నీకి శాతం లేదు" అంటారు. వాళ్ళనేది నిజమే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు. కిడ్నీ జబ్బు అందులో లేదు. షుగరు లేదు, గుండె జబ్బు లేదు, ఆయాసం లేదు, కేన్సరు లేదు. కాబట్టి కిడ్నీ మనిషి తీసుకుపోవాల్సింది సదరం స్లాటు కాదు, ల్యాబు రిపోర్టు మీది అంకె. దాంతోపాటు ప్రభుత్వ డాక్టరు ధ్రువీకరణ. ఆ రెండూ పట్టుకుని సచివాలయంలో సంక్షేమ సహాయకుడిని "దీర్ఘరోగాల పింఛను" అనే పేరు చెప్పి అడగండి. ఉత్త "పింఛను కావాల" అంటే ఆయన కంప్యూటర్లో వృద్ధాప్య పింఛను పేజీ తెరుస్తాడు.

ఆ 21లో దీర్ఘరోగాలు అసలే లేవని కాదు. పాత 1995 చట్టంలో ఏడే వైకల్యాలుండేవి. 2017 ఏప్రిల్ 19న కొత్త చట్టం అమలులోకి వచ్చాక పార్కిన్సన్, మల్టిపుల్ స్క్లెరోసిస్, కండరాల క్షీణత, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ చేరాయి. పార్కిన్సన్ ఉన్న ముసలాయన్ను "వయసు మీద పడితే అందరికీ వణుకే" అని ఇంట్లో కూచోబెట్టిన కుటుంబాలు ఈ ఒక్క ముక్క అయినా గుర్తుపెట్టుకోవాలి.

ఇంక షుగరు సంగతి. షుగరుకు శాతం రాదు. అదే షుగరు కాలు తీయిస్తే ఆ కాలికి వస్తుంది, కంటి నరాలు తిని చూపు పోగొడితే ఆ చూపుకు వస్తుంది. బీపీకి రాదు, బీపీ ముదిరి వచ్చిన పక్షవాతానికి వస్తుంది. కీళ్ళవాతానికి పేరు పెట్టి శాతం ఇవ్వరు గానీ, కీలు ఎంతవరకు వంగుతుంది, పిడికిట్లో ఎంత పట్టు ఉంది, మెట్లెక్కగలరా, కింద కూచుని లేవగలరా, ఇవి కొలిచి చలన వైకల్యం కింద వేస్తారు. ఏ జబ్బుకైనా బోర్డు చూసేది అది మీ ఒంట్లో ఏ పని ఆపిందనే.

జొన్నరొట్టె కథ

మా ఊళ్ళో ఒకామె. పేరు వద్దు. యాభై దాటలేదు. కీళ్ళవాతం వచ్చి ఏళ్ళయింది. రెండు చేతుల వేళ్ళూ చిటికెనవేలి వైపు వాలిపోయాయి. పొద్దున లేచి గంటసేపు వేడినీళ్ళలో చేతులు పెట్టుకుంటే గాని గ్లాసు పట్టుకోలేదు. పదిమంది కూలోళ్ళకు జొన్నరొట్టెలు తట్టిన చెయ్యి అది. ఇప్పుడు పిండి పిసకడానికి కూతురు రావాలి. రవిక హుక్కులు పెట్టడానికీ కూతురే.

బోర్డుకు పోయేరోజు పెట్టెలోంచి పట్టుచీర తీయించుకుని కట్టుకుంది. పెద్ద డాక్టర్ల దగ్గరికి పోతున్నాం, మురికిగా కనపడకూడదు గదా. నొప్పి మాత్ర రెండు వేసుకుంది, బస్సులో కుదుపులకు తట్టుకోవాల గదా. గదిలోకి పోతూనే డాక్టరమ్మకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "ఎట్లుందమ్మా?" అని ఆమె అడిగితే మన ఇళ్ళలో ఎవరైనా ఏం చెప్తారో అదే చెప్పింది. "బాగుండాను మేడమ్, దేవుని దయ."

చేతులు ఎత్తింది, మాట నిబ్బరంగా ఉంది, నొప్పి తెలియడం లేదు. కాగితాలు అడిగితే చెంగు ముడిలోంచి మందుల చీటీ ఒకటి తీసి ఇచ్చింది. 40కి లోపలే వచ్చింది. బయటికొచ్చాక కూతురు ఏడుస్తుంటే ఈమే ఓదార్చిందట.

డాక్టరమ్మది తప్పని మేం అనం. ఆ దినం ఆమె ముందు వరుసలో ఎందరున్నారో, ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు దక్కాయో మనకు తెలుసు. ఆ నాలుగు నిమిషాల్లో ఆమెకు కనిపించింది పట్టుచీర, దండం, "బాగుండాను". కనిపించనిది పొద్దుటి వేడినీళ్ళ గిన్నె. దాన్ని ఆ గదిలోకి తీసుకుపోయే బాధ్యత మనమీదే పడింది. న్యాయం కాదు, కానీ ఉన్న పరిస్థితి ఇదే.

అందుకే చెప్తున్నాం: బోర్డు ముందు మర్యాదలు వద్దు. "ఎట్లుంది" అంటే ఎట్లుందో చెప్పండి. నిన్న బాగుండి ఈరోజు పడిపోయే జబ్బయితే నెలలో ఎన్ని దినాలు మంచం దిగలేరో చెప్పండి. ఒంటికి నీళ్ళు ఎవరు పోస్తారు, దొడ్డికి పోతే ఎవరు లేపుతారు, అన్నం ఎవరు కలిపి పెడతారు, సిగ్గుపడకుండా చెప్పండి. మీరు చెప్పుకోలేకపోతే మీతో ఉన్న మనిషి చెప్పాలి. ఇంట్లో రోజూ చూసుకునే మనిషినే తోడు తీసుకుపోండి. ఊళ్ళో పలుకుబడి ఉన్న మామను కాదు. రోజూ వేసుకునే మాత్రలు మానుకోమని మేం చెప్పం, అది ప్రాణం మీదికి తెస్తుంది. నొప్పి మాత్ర వేసుకుని వచ్చామని మాత్రం డాక్టరుకు చెప్పండి.

లేనిది ఉన్నట్టు నటించమని కూడా చెప్పడం లేదు. దొంగ సర్టిఫికెట్లు పుట్టించినవాళ్ళ పాపం ఇప్పుడు నిజమైన రోగుల మెడకు చుట్టుకుంది. ఆ సంగతి తర్వాత చెప్తాం.

కాగితాలు: దూలం మీది ఎక్స్‌రే దించండి

మన ఇళ్ళలో ఆసుపత్రి కాగితాలు మూడుచోట్ల ఉంటాయి. ఎక్స్‌రేలు దూలం మీద, చీటీలు ప్లాస్టిక్ కవరులో మేకుకు, బిల్లులు పిల్లల పుస్తకాల్లో. ఒక పూట కూచుని అన్నీ దించి, తేదీ ప్రకారం పేర్చండి. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఎన్నిసార్లు ఆసుపత్రిలో పడ్డారు, ఆపరేషన్ ఏదైనా జరిగిందా అనేవి కాగితం వరుసే చెప్పాలి. డిశ్చార్జి సమ్మరీ అన్నిటికంటే ముఖ్యం. అది పోగొట్టుకున్నవాళ్ళు చికిత్స చేయించుకున్న ఆసుపత్రి రికార్డుల సెక్షన్లో నకలు అడగవచ్చు. ఎన్టీఆర్ వైద్యసేవ, దానికి ముందు ఆరోగ్యశ్రీ కింద జరిగిన చికిత్స అయితే ఆ కార్డు నంబరుతో అడిగితే వెతకడం సులువు.

ల్యాబుల్లో మిషన్ నుంచి వచ్చే నున్నటి చీటీలున్నాయే, ఎండకు వాటి మీద అచ్చు ఎగిరిపోతుంది. రెండేళ్ళ కిందటి క్రియాటినిన్ చీటీ మీద ఇప్పుడు తెల్లకాగితం తప్ప ఏమీ లేని ఇళ్ళు చూశాం. వచ్చిన రోజే జిరాక్సు తీయించండి. ఫోనులో ఫొటో కూడా ఉంచండి.

ఇంకొక్క కాగితం చాలామందికి తట్టదు. మీకు ఎప్పుడూ మందులు రాసే డాక్టరును జబ్బు పేరు ఒక్కటే కాకుండా, దానివల్ల ఏ పని చేయలేకపోతున్నారో కూడా నాలుగు వరుసలు రాసివ్వమని అడగండి. "రుమటాయిడ్ ఆర్థ్రైటిస్" అని రాస్తే అది జబ్బు. "రెండు చేతుల పిడికిలి మూయలేదు, సొంతంగా బట్టలు కట్టుకోలేదు" అని రాస్తే బోర్డుకు కొలవడానికి ఒక ఆధారం.

స్లాటు నుంచి సర్టిఫికెట్ దాకా

సదరం స్లాటు గ్రామ సచివాలయంలోనో మీసేవలోనో బుక్ అవుతుంది. స్లాట్లు ఎప్పుడు తెరుస్తారో ముందే కనుక్కోండి, తెరిచిన కొద్దిసేపటికే అయిపోతుంటాయి. ఆధార్‌లో ఉన్న పేరు, రేషన్ కార్డులో ఉన్న పేరు, ఆసుపత్రి కాగితాల్లో పేరు ఒకటేనా చూసుకోండి. వెంకటమ్మ ఒకచోట వెంకటలక్షుమ్మ అయితే నెలలు పోతాయి. ఆధార్‌కు కలిపిన ఫోను నంబరు ఇంట్లో పనిచేస్తున్నదే అయి ఉండాలి, తేదీ మెసేజీ దానికే వస్తుంది. స్లాటు తప్పిపోతే మళ్ళీ మొదటికే.

బోర్డు రోజున కర్నూలు ప్రయాణం ఖర్చు సగమైనా తగ్గించుకోవచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. తోడుగా పోయేది అక్కో, కోడలో అయితే ఆ ఛార్జీ మిగులుతుంది. మధ్యాహ్నానికి సద్దన్నం మూట, నీళ్ళు, వేసుకోవాల్సిన మందులు మరచిపోకండి. షుగరు మనిషి వరుసలో కళ్ళు తిరిగి పడిపోతే పరీక్ష వాయిదా పడుతుంది.

సర్టిఫికెట్ చేతికొచ్చాక శాతం ఒక్కటే చూసి మడిచి పెట్టొద్దు. అది శాశ్వతమా, తాత్కాలికమా చూడండి. దీర్ఘరోగాలకు చాలాసార్లు తాత్కాలికమే ఇస్తారు, కింద గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీని క్యాలెండరు మీద రాసి, దానికి మూడు నెలల ముందే మళ్ళీ స్లాటుకు పరుగెత్తండి. గడువు దాటిన సర్టిఫికెట్‌తో పింఛను ఆగితే, తిరిగి తెచ్చుకోవడం కొత్తది తెచ్చుకోవడం కంటే కష్టం.

దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీ, కూడా ఉంది. 40 శాతం లోపల ఉంటే తెలుపు గీత, 40 నుంచి 80కి లోపల పసుపు, 80 నుంచి నీలం. రైల్వే రాయితీ లాంటివాటికి ఇది పనికొస్తుంది. డయాలసిస్‌కో మార్పిడికో రైల్లో పోయే కిడ్నీ రోగులకు, కేన్సరు, తలసీమియా, హీమోఫీలియా రోగులకు ఈ కార్డు లేకపోయినా ఆసుపత్రి ఇచ్చే పత్రంతో రైల్వే రాయితీ ఉంది. ఇది తెలియక పూర్తి టికెట్టు కొనుక్కుని హైదరాబాదు, వేలూరు పోయివచ్చేవాళ్ళు మనలో ఉన్నారు.

కొత్త పింఛన్లు ఎప్పుడుబడితే అప్పుడు మంజూరు చేయరు. కొన్నాళ్ళు అర్జీలు తీసుకుంటారు, కొన్నాళ్ళు ఆపేస్తారు. "ఇప్పుడు ఆన్‌లైన్ తెరవలేదు" అన్నారని సర్టిఫికెట్ పని కూడా మానేసి కూచోవద్దు. తెరిచిన రోజుకు మీ చేతిలో అన్నీ సిద్ధంగా ఉండాలి.

తక్కువ వేసినా, కాదన్నా

కాదన్నప్పుడు చాలామంది ఆ కాగితాన్ని ముఖాన కొట్టినట్టు భావించి ఇంటికి వచ్చేస్తారు. చట్టం మీకు అక్కడితో తలుపు మూయలేదు. అర్హత లేదని తేలిస్తే ఎందుకు లేదో రాతపూర్వకంగా చెప్పాలని 2017 నిబంధనల్లో ఉంది. ఆ నిర్ణయం మీద గడువులోగా అప్పీలు కూడా చేసుకోవచ్చు. చట్టంలో ఇది 59వ సెక్షను. మెడికల్ కాగితాలు జతచేసి అప్పీలు పెట్టండి. తేదీ, ముద్ర ఉన్న రసీదు లేకుండా ఆ కిటికీ దగ్గర నుంచి కదలొద్దు.

2025లో ఏం జరిగిందో మీకు తెలుసు. ఏడాది మొదట్లో 15,000 పింఛను వస్తున్నవాళ్ళ ఇళ్ళకు డాక్టర్లు వచ్చి చూశారు. తర్వాత మిగతావాళ్ళను ఆసుపత్రులకు పిలిపించారు. ఆగస్టులో నోటీసులు వచ్చాయి. 40 శాతానికి లోపల తేలినవాళ్ళకు పింఛను ఆపేస్తామని, కొందరిని తక్కువ రకానికి మారుస్తామని. రాష్ట్రమంతా వికలాంగులు రోడ్డెక్కారు. నోటీసు అందినవాళ్ళు ఎంపీడీవోకు, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కు అప్పీలు పెట్టుకుంటే మళ్ళీ పరీక్షకు పంపుతామని ప్రభుత్వం చెప్పింది. నోటీసు చదవడం రాక చూరులో దోపి ఊరుకున్న ముసలోళ్ళు ఇంకా ఉన్నారేమో వెతకండి. ప్రభుత్వ కాగితం ఇంటికి వస్తే ఆరోజే ఎవరిచేతనైనా చదివించుకోవాలి.

దొంగ సర్టిఫికెట్లు ఏరేయడం తప్పని మేం అనడం లేదు. నిజానికి అవి ఏరేస్తేనే మనకు మేలు. కానీ ఒక దొంగను పట్టడానికి పదిమంది మంచం పట్టినవాళ్ళను ఆటోలో ఎక్కించి బోర్డు ముందుకు ఈడ్చడం ఏ లెక్క? ఇది మేం అడుగుతున్నాం, మీరూ అడగండి.

బ్రోకర్ల మాట వినొద్దు. "ఇంత ఇస్తే 80 శాతం వేయిస్తా" అనేవాడు మీ డబ్బుతో పాటు మీ పింఛను కూడా తింటాడు. తప్పుడు పత్రంతో లబ్ధి పొందితే 91వ సెక్షను కింద రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పట్టుబడేది సర్టిఫికెట్ మీద పేరున్న మనిషి, బ్రోకరు కాదు.

శాతం సరిపోయినా ఇంకో వడపోత ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకు 10,000 దాటకూడదు, మాగాణి మూడెకరాలో మెట్ట పదెకరాలో దాటకూడదు, కారు ఉండకూడదు (ట్రాక్టరు, టాక్సీ మినహాయింపు), కరెంటు నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు. మన మెట్ట భూముల్లో పదెకరాలున్నవాడు ధనవంతుడని ఢిల్లీలో కూచున్నవాడు అనుకోవచ్చు, ఓర్వకల్లులో ఎవరూ అనుకోరు. అన్నదమ్ములు పంచుకున్న భూమి ఇంకా నాయన పేరుమీదే ఉంటే ముందు అది సరిచేయించుకోండి. వేరుపడిన కొడుకు పేరు మీ రేషన్ కార్డులోనే ఉండి, వాడి కారు మీ పింఛనుకు అడ్డం పడుతుంటే అదీ చూసుకోండి. "మీ ఇంట్లో ఒకరికి పింఛను వస్తోంది గదా" అంటే, ఆ నిబంధనకు మినహాయింపులున్నాయి, మాది వాటిలోకి వస్తుందా రాదా రాసివ్వండి అని అడగండి.

నోటిమాటకు విలువ లేని చోట సమాచార హక్కు వాడండి. "నా అర్జీ ఏ దశలో ఉంది, ఏ తేదీన ఎవరి దగ్గర ఆగింది" అని తెల్లకాగితం మీద రాస్తే చాలు. ఊరి స్థాయిలో ఫీజు లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, పైన 10. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. వికలాంగులకూ ఆడవాళ్ళకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ప్రకారం హక్కు. 15100కు ఫోను చేయండి, లేదా కర్నూలు కోర్టులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోండి.

పింఛను వస్తున్నవాళ్ళకు ఒక్కమాట: ఆసుపత్రిలో పడి ఒకటో తేదీన ఇంట్లో లేకపోతే భయపడొద్దు. రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తారు. మూడో నెల కూడా తప్పిపోకుండా సచివాలయానికి కబురు చేయండి.

పొదుపు సంఘాల అక్కలకు

ఇప్పటిదాకా ఒక్కొక్క ఇంటికి చెప్పాం. ఇంక మీకు.

ఈ మండలానికి పేరు తెచ్చింది మీరు. 1990లలో యూఎన్‌డీపీ సాయంతో జరిగిన దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకంలో ఓర్వకల్లు పొదుపులక్ష్మి సంఘాలు ఎట్లా ఎదిగాయో చూడ్డానికి ఎక్కడెక్కడివాళ్ళో ఇక్కడికి వచ్చారు. వారానికి కొన్ని రూపాయలు దాచి, వడ్డీ వ్యాపారిని ఊళ్ళోంచి తరిమినవాళ్ళు మీరే. ఆ దారిలోనే తర్వాత వెలుగు పథకం వచ్చింది, దాన్ని నడిపిన సెర్ప్ సంస్థ వచ్చింది, సదరం కూడా ఆ సెర్ప్ మొదలుపెట్టిందే. అంటే ఇప్పుడు మనల్ని వరుసలో నిలబెడుతున్న ఆ కంప్యూటరు వెనక మీ ఉద్యమపు వేరు ఉంది. అడిగే హక్కు మీకు అందరికంటే ఎక్కువ.

మీకు తెలియని ఇల్లు ఊళ్ళో లేదు. ఎవరి కోడలు మంచాన పడింది, ఎవరి పిల్లోడికి నెలనెలా రక్తం ఎక్కించాల, ఎవరి మొగుడు రాతిపొడి పీల్చి ఆయాసంతో మూలుగుతున్నాడు, ఇవన్నీ ఆఫీసులకు తెలియవు, మీకు తెలుసు. వచ్చే సంఘం మీటింగులో అప్పుల లెక్క అయిపోయాక అరగంట కేటాయించండి. ఊరిపేరు రాసి, దాని కింద జబ్బుతో ఉన్న ప్రతి మనిషినీ రాయండి: జబ్బు ఏమిటి, ఏ పని చేసుకోలేరు, సదరం ఉందా, గడువు ఎప్పుడు, ఏ కాగితం తక్కువ. ఈ జాబితాతో పోతే "అర్హులెవరూ లేరమ్మా" అనడం ఎవరికీ కుదరదు.

మనం అడగాల్సినవి

సదరం బోర్డు నెలకొకసారైనా ఓర్వకల్లుకే రావాలి. మన మండలంలో విమానాశ్రయం ఉంది, 2021 మార్చి నుంచి విమానాలు దిగుతున్నాయి. పరిశ్రమల కారిడారుకు కేంద్రం 2024లో ఒప్పుకుంది. విమానం దిగగలిగిన చోటికి ఎముకల డాక్టరు ఒకరు, నరాల డాక్టరు ఒకరు, కళ్ళ డాక్టరు ఒకరు జీపులో రాలేరా? మంచం దిగలేనివాళ్ళను ఇంటిదగ్గరే పరీక్షించవచ్చని 2025 తనిఖీల్లో ప్రభుత్వమే రుజువు చేసింది. పింఛను తీసేయడానికి ఇంటికి రాగలిగినవాళ్ళు ఇవ్వడానికి కూడా రాగలరు.

దీర్ఘరోగులకు కొత్త పింఛన్ల అర్జీలు ఏడాదంతా తీసుకోవాలి. క్రియాటినిన్ ఎప్పుడు పెరగాలో జబ్బు ప్రభుత్వ క్యాలెండరు చూసుకోదు.

ఢిల్లీ వాటా సంగతి కూడా ఎత్తాలి. ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను కింద కేంద్రం ఇచ్చేది నెలకు 300. అది కూడా కనీసం 80 శాతం ఉన్నవాళ్ళకే. 2012లో వేసిన అంకె ఇంకా అదే. మన చేతికొచ్చే మిగతాదంతా రాష్ట్రం భరిస్తోంది. మన ఎంపీ ఓట్లకు వచ్చినప్పుడు ఈ 300 గురించి అడగండి, ఏమంటారో వినాలనుంది.

ఆదివారం కూడుదాం, సోమవారం పోదాం

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు ఓర్వకల్లు బస్టాండు దగ్గర చెట్టుకింద కూడుతున్నాం. ఊరూరి జాబితాలు అక్కడ ఒకటి చేసి అర్జీలు రాస్తాం. మరునాడు సోమవారం, కర్నూలు కలెక్టరేటులో ప్రజల అర్జీలు తీసుకునే రోజు. అందరం కలిసి పోయి ఇద్దాం.

కదల్లేనివాళ్ళు రావద్దు. ఇంటికొకరు చాలు. ఆధార్, రేషన్ కార్డు, పాత సదరం ఉంటే అది, నోటీసు వచ్చుంటే అది, ఆసుపత్రి కాగితాలు, అన్నిటివీ జిరాక్సులే తీసుకురండి, అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వొద్దు, మాకు కూడా. రాసిపెట్టడానికి కాలేజీ పిల్లలు నలుగురు వస్తున్నారు. చందా లేదు. పార్టీ జెండా పట్టుకుని వస్తే రోడ్డు అవతల పెట్టి రండి. తెల్లకాగితాలు, పెన్నులు, సంతకం పెట్టలేని చేతుల కోసం వేలిముద్రల ప్యాడు మేం తెస్తాం.

ఇట్లు
ఓర్వకల్లు మండలంలోని దీర్ఘరోగులు, వాళ్ళ ఇంటివాళ్ళు